మా వీధి చివర 14 అంతస్తులకు అనుమతి వచ్చింది. వాన నీరు ఎటు పోతుందో ఎవరిని అడగాలి?

నర్సమ్మ (ప్రశ్న)

నమస్కారం. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే తీరపు రోడ్డుకు పడమటి పక్కన ఉన్న ఒక పేట మాది. పేరు రాయడం లేదు. ఏఎన్‌ఎంగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇక్కడ ఏ ఇంటి గుమ్మం ఎంత ఎత్తులో ఉందో, ఎంత వానకు ఎవరి వంటింట్లోకి నీరు వస్తుందో నాకు తెలుసు. వాన వెలిసిన వారానికల్లా జ్వరాలు మొదలయ్యేవి. రక్తపు పూతలు తీయడానికీ, దోమలు పెరిగే తొట్లు బోర్లించడానికీ ఇల్లిల్లూ తిరిగిన మనిషిని.

మా వీధి చివర మూడెకరాల స్థలం ఉంది. అందులో ముప్పాతిక వంతు కొబ్బరి తోట, మిగతాది పల్లపు చెరువు. పెద్ద వాన పడితే మా వీధి నీరంతా ఆ చెరువులోకి దిగేది. అది నిండాక మెల్లగా వెనకనున్న మురుగు కోడులోకి పోయేది. పోయిన వేసవిలో చెట్లు కొట్టేశారు, చెరువు పూడ్చేశారు. పెద్దాపురం వైపు నుంచి ఎర్ర గ్రావెల్ లారీలు రాత్రంతా వస్తూనే ఉండేవి. ఇప్పుడు రోడ్డు మీద నిలబడితే ఆ మెరక నా నడుము దాకా ఉంది. మొన్న కురిసింది పెద్ద వానేమీ కాదు. అయినా మా వరసలో చివరి నాలుగు ఇళ్లలో మంచం కోళ్లు మునిగాయి. ఒక ఇంట్లో బాలింత ఉంది, బిడ్డకు ఇంకా నెల నిండలేదు. తల్లీబిడ్డలను మా ఇంటికి తెచ్చి పడుకోబెట్టాను.

ఇప్పుడు అక్కడ బోర్డు పెట్టారు. రెండు బ్లాకులు, ఒక్కోటి 14 అంతస్తులు, అంతస్తుకు 6 ఫ్లాట్లు. ఒక్కో బ్లాకుకు విడిగా అనుమతి సంఖ్య వేశారు. ఒక్కోదాని నిర్మాణ విస్తీర్ణం 17,600 చదరపు మీటర్లని రాశారు. కింద పెద్ద అక్షరాలతో ‘ప్రభుత్వ అనుమతి పొందినది’ అని ఉంది. అనుమతి ఇచ్చిన కార్యాలయానికి వెళ్లి అడిగితే, ‘అన్నీ ఉన్నాయమ్మా, మీరు కంగారు పడకండి’ అన్నారు. ఏమేమి ఉన్నాయో చూపించమంటే చూపించలేదు. పక్కన ఉంటున్న మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు, కనీసం చెప్పలేదు.

ఎత్తు మీద నాకు పట్టింపు లేదు. ఎవరి స్థలం వారిది, ఎవరి డబ్బు వారిది. కానీ ఆ మూడెకరాల్లో పడే వాన ఎటు పోతుంది? 168 కుటుంబాల మురుగు ఎటు పోతుంది? మా పేట బోర్లలో ఇప్పటికే ఎండాకాలం నీళ్లు ఉప్పెక్కుతున్నాయి, అన్ని ఇళ్లకు నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? ఈ మూడింటికీ జవాబు రాసి ఉన్న కాగితం ఏది, దాన్ని అడిగే హక్కు నాకు ఉందా? తెలిసినవారు చెప్పండి. ధైర్యం చెప్పే మాటలు వద్దు, పని జరిగే మాటలు కావాలి.

కోడుగట్టు

నర్సమ్మగారికి నమస్కారం. మురుగు కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి దిగిపోయినవాడిని. మీ మొదటి ప్రశ్న నాది కూడా, చాలా ఏళ్లుగా.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాకు నీళ్లు తేవడం మనవాళ్లకు అప్పుడే వచ్చింది. వచ్చిన నీటినీ పడిన వాననూ బయటికి పంపడం మాత్రం ఇప్పటికీ సగం పనిగానే మిగిలింది. మీ వెనకనున్న కోడు సముద్రంలో కలిసే చోట తూము ఉండే ఉంటుంది. సముద్రం రోజుకు రెండుసార్లు పోటెక్కుతుంది, రెండుసార్లు పాటుకు దిగుతుంది. పోటు సమయంలో ఉప్పునీరు లోపలికి ఎక్కకుండా తూము తలుపులు మూసుకోవాలి, అంటే ఆ గంటల్లో మీ పేట నీరు కూడా బయటికి పోదు. పాటు వచ్చినప్పుడే దిగాలి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు మరీ ఎక్కువ. తుపాను రోజున సముద్రం మీదుగా గాలి తోస్తుంటే పాటు వచ్చినా నీటిమట్టం దిగాల్సినంత దిగదు. ఆ గంటలన్నీ వాన నీరు ఎక్కడో ఒకచోట ఆగాలి. ఇన్నాళ్లూ ఆగింది ఆ చెరువులోనే, ఆ తోట పాదుల్లోనే.

లెక్క చూడండి. మూడెకరాలంటే సుమారు 12,140 చదరపు మీటర్లు. ఒక రోజులో 10 సెంటీమీటర్ల వాన పడితే, మన తీరంలో వాయుగుండం వచ్చినప్పుడు అదేమీ వింత కాదు, ఆ స్థలం మీద పడేది 12 లక్షల లీటర్లు. తోటగా ఉన్నప్పుడు అందులో చాలా భాగం అక్కడే ఇంకేది, నిలిచేది. కాంక్రీటూ పలకలూ పరిచాక దాదాపు అంతా బయటికే వస్తుంది. పైగా ఇదివరకు మీ వీధి నుంచి అక్కడికి దిగిన నీటికి ఇప్పుడు దారి లేదు. రెండు వైపుల దెబ్బా మీ చివరి నాలుగు ఇళ్ల మీదే పడుతోంది.

అందుకని ఎన్ని అంతస్తులు అనేది పక్కన పెట్టి మట్టాలు అడగండి. పూడ్చక ముందు స్థలం సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉంది, పూడ్చాక ఎంత, మీ రోడ్డు ఎంత, కోడు అడుగు ఎంత, తూము గడప ఎంత. ఈ అయిదు అంకెలూ ఒకే కాగితం మీద ఉండాలి. వాన నీటి పారుదల ప్లాను అని ఒకటి దాఖలు చేసి ఉంటే అందులో ఉంటాయి. అవి లేకుండా గీసిన ప్లానుకు మన నేల మీద విలువ లేదు. నా అనుభవంలో ఆ అంకెలు రాయకుండానే చాలా ఫైళ్లు నడిచాయి. నేను చూసినవే.

ఇంకో మాట. ఇప్పుడే, పునాది పడక ముందే, మీ ఇళ్ల గుమ్మాల మట్టాలు మీరు తీసుకోండి. మేస్త్రీల దగ్గర నీళ్లు నింపిన పారదర్శకపు గొట్టం ఉంటుంది, దానితో చాలు.

సామర్లకోట అబ్బాయి

అమ్మా, మీ బాధ అర్థమైంది. అయినా రెండో వైపు కూడా ఒక మాట చెబుతాను, కోపగించుకోకండి. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలను అక్కడికి తీసుకెళ్తే నెల తిరక్కుండా వెనక్కి వస్తామంటారు. కాకినాడలో లిఫ్టూ కాపలా ఉన్న ఇల్లు కావాలని నాలాంటి వాళ్లు వెతుకుతూనే ఉన్నారు. 168 కుటుంబాలకు ఒక్కొక్కరికి 150 గజాల చొప్పున విడి ఇళ్లు వేస్తే స్థలానికే అయిదెకరాలు దాటుతుంది, రోడ్లతో కలిపి ఎనిమిది ఎకరాల వరి చేను పోతుంది. సామర్లకోట చుట్టూ చేలు లేఅవుట్లుగా మారిపోవడం నా కళ్లతో చూస్తున్నాను. చేను మిగలాలంటే ఇల్లు పైకి పెరగక తప్పదు.

గట్టి భవనం తుపానులో ప్రాణం కూడా కాపాడుతుంది. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటిన రోజు మా బంధువులు పెంకుటిల్లు వదిలి ఒక మూడంతస్తుల మేడలో తలదాచుకున్నారు. అందుకని అపార్ట్‌మెంటే శత్రువన్నట్టు ఈ చర్చ నడవకూడదని నా కోరిక.

నర్సమ్మ

బాబూ, కోపం ఏమీ లేదు. నువ్వు చెప్పిన రెండూ నిజమే. 1996 నవంబరు 6 రాత్రి తుపాను తరవాత భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్లు ఎంతమందిని పోగొట్టుకున్నాయో ఈ జిల్లాలో పనిచేసిన ఆరోగ్య సిబ్బందికి ఎవరూ చెప్పక్కర్లేదు. గట్టి మేడ విలువ నాకు తెలుసు. మీ అమ్మానాన్నలు ఇక్కడికి వస్తే సంతోషిస్తాను, వాళ్ల రక్తపోటు నేనే చూస్తాను. కానీ వాళ్లు లిఫ్టులో దిగి గేటు బయటికి వచ్చేసరికి మా వీధి నీళ్లలో ఉంటే, అంబులెన్సు వాళ్ల దాకా ఎలా వస్తుంది? వాళ్లు నడవాల్సిందీ ఈ రోడ్డే కదా. నేను అడుగుతున్న నీటి దారి వాళ్లకు కూడా కావాలి.

పటాలు చూసేవాడు

నేను లైసెన్సు ఉన్న సర్వేయరును. తీరపు భూముల పటాలు చదవడమే నా పని. బోర్డు మీద రాసిన ‘ప్రభుత్వ అనుమతి’ సాధారణంగా భవనం ప్లానుకు వచ్చిన అనుమతి మాత్రమే. ఇలాంటి చోట ఇలాంటి భవనానికి అదొక్కటే సరిపోదు.

ముందుగా బోర్డు మీది ఆ రెండు అనుమతి సంఖ్యల సంగతి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన ప్రకారం నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు చేరితే, పని మొదలుపెట్టక ముందే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. ఇచ్చేది రాష్ట్రస్థాయి మదింపు సంస్థ. మీ బోర్డు మీద ఒక్కో బ్లాకు 17,600, రెండూ కలిపితే 35,200. నర్సమ్మగారూ, రెండు బ్లాకులకూ గేటు ఒకటేనా? మురుగు శుద్ధి ప్లాంటు, నీటి ట్యాంకు, లోపలి రోడ్డు ఉమ్మడివేనా? అమ్మకాల పుస్తకంలో ఒకే పేరుతో చూపిస్తున్నారా? అలా ఉంటే అది ఒకే ప్రాజెక్టు, రెండు ముక్కలు చేసి చూపినంత మాత్రాన పరిమితి తప్పిపోదు. విడివిడిగా దాఖలు చేశారా, పర్యావరణ అనుమతి అసలు అడిగారా అనేది మీ మొదటి ప్రశ్నగా పెట్టండి. ఈ స్థాయి భవనాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి ఆ ప్రకటనే మినహాయింపు ఇచ్చింది. మిమ్మల్ని ఎవరూ అడగకపోవడానికి అది ఒక కారణం. నాకు ఆ మినహాయింపు మొదటి నుంచీ నచ్చలేదు. డెల్టాలో పక్కింటి మట్టం తెలిసింది పక్కింటివాళ్లకే.

రెండోది సీఆర్‌జెడ్, అంటే తీర నియంత్రణ మండలి. పోటు రేఖ, అంటే పోటు నీరు ఎక్కే అత్యధిక హద్దు, అక్కడి నుంచి భూమి వైపు 500 మీటర్ల దాకా ఈ నిబంధనలు నడుస్తాయి. మీ స్థలం తీరపు రోడ్డు పక్కనే కాబట్టి లోపలే ఉండవచ్చు, కానీ కొలతతో తేలాలి. పటంలో ఆ సర్వే నంబరు రెండో రకంలో ఉందా, మూడో రకంలో ఉందా అన్నదాని మీదే మొత్తం ఆధారపడి ఉంది. రెండో రకమంటే పట్టణ పరిధిలో, తీరం దాకా చాలావరకు ఇళ్లు కట్టేసి ఉన్న ప్రాంతం. అక్కడ ఉన్న రోడ్డుకు భూమి వైపున, స్థానిక నిర్మాణ నిబంధనల ప్రకారం కట్టుకోవచ్చు. 2011 నాటి సీఆర్‌జెడ్ ప్రకటన విస్తీర్ణపు నిష్పత్తిని, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న లెక్కను, 1991 నాటి స్థాయి దగ్గర ఆపింది. 2019 జనవరి 18 నాటి ప్రకటన దాన్ని ఆ రోజుకు అమల్లో ఉన్న స్థాయికి వదిలింది. తీరాల్లో ఎత్తయిన భవనాలకు తలుపు తెరిచింది ఇదే. మూడో రకమంటే గ్రామీణ ప్రాంతం. అక్కడ నిర్మాణం చేయకూడని పట్టీ దాటిన తరవాత కూడా, 500 మీటర్ల లోపల స్థానికుల ఇళ్లకు రెండు అంతస్తులు, 9 మీటర్ల ఎత్తు వరకే అనుమతి. 14 అంతస్తులకు అందులో చోటు లేదు. పంచాయతీ పరిధి పట్టణంలో కలిసిందని చెప్పి రకం మారిపోయిందని కొందరు వాదిస్తారు. ఆమోదం పొందిన తీర మండలి నిర్వహణ పటంలో ఏముందో అదే లెక్క. 2019 ప్రకటన కింద మీ జిల్లా పటం ఆమోదమయ్యేదాకా 2011 నిబంధనలే నడుస్తాయి కాబట్టి, వాళ్ల ఉత్తర్వులో ఏ ప్రకటన పేరు రాశారో కూడా చూడండి.

మీ బోర్ల భయానికి కూడా ఇక్కడే జవాబు ఉంది. సీఆర్‌జెడ్ లోపల భూగర్భ జలం తోడడం మీద ఆంక్షలు ఉన్నాయి. 200 నుంచి 500 మీటర్ల మధ్య మామూలు బావుల నుంచి, తాగునీరు, సాగు లాంటి అవసరాలకే తీసుకోవాలి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున, ఇంటికి నలుగురు అనుకుంటే 168 ఇళ్లకు సుమారు 90 వేల లీటర్లు కావాలి. అందులో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుంది. ఇది బోర్లతో తీరేది కాదు, తీర్చకూడదు. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్రం కంటే ఒక అడుగు ఎత్తున ఉంటే కింద 40 అడుగుల దాకా మంచినీరు ఉంటుందని శాస్త్రం చెప్పే లెక్క. పైన అడుగు తగ్గితే కింద ఉప్పు ఎంత పైకి వస్తుందో మీరే ఊహించండి. కాబట్టి కార్పొరేషను నీటి కనెక్షను ఇస్తామన్న హామీ పత్రం ఫైలులో ఉందా అని అడగండి.

సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టండి. పై కార్యాలయాల్లో రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. నకళ్లు మాత్రమే కాదు, ఫైలును స్వయంగా చూసే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. ‘ఫైలు పరిశీలనకు అనుమతించగలరు’ అని తప్పకుండా రాయండి. పర్యావరణ అనుమతి ఇచ్చి ఉంటే దాని మీద పర్యావరణ వివాదాలు వినే జాతీయ హరిత ట్రిబ్యునలుకు అప్పీలు గడువు, ఉత్తర్వు తెలిసిన రోజు నుంచి 30 రోజులు. సరైన కారణం చూపితే మరో 60 రోజుల దాకా ఒప్పుకుంటారు. ఆ తరవాత తలుపు మూసుకుపోతుంది. మన రాష్ట్రం చెన్నై బెంచి కిందికి వస్తుంది. అందుకే ఈ పని వచ్చే నెలకు వాయిదా వేయకండి.

ఉప్పాడ ఆడపడుచు

నర్సమ్మగారూ, మాది మీకు ఉత్తరాన. కాకినాడ రేవుకు ఎదురుగా హోప్ ఐలాండ్ పదహారు కిలోమీటర్ల ఇసుక గోడలా అడ్డుంది. మాకు ఆ అడ్డు లేదు, అల నేరుగా వచ్చి కొడుతుంది. మా పెద్దవాళ్లు చూపించే గుడి, బడి, వీధి ఇప్పుడు నీళ్లలో ఉన్నాయి. తీరపు రోడ్డు తుపాను వచ్చిన ప్రతిసారీ తెగుతోంది. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టాలు పరిచారు, సముద్రం వాటినీ కదిలించింది.

సర్వేయరు గారిని ఒక సంగతి అడగాలి. ఆ పోటు రేఖ ఏ ఏడాది గీసింది? మా దగ్గర సముద్రం ముందుకు వచ్చాక పాత గీత నుంచి 500 మీటర్లు కొలిస్తే అది ఏ లెక్క?

పటాలు చూసేవాడు

అమ్మా, సరైన చోట పట్టుకున్నారు. పటంలో అధికారికంగా గుర్తించిన రేఖ నుంచే కొలుస్తారు, ఈరోజు అల తాకిన చోటు నుంచి కాదు. కోత ప్రమాదాన్ని కూడా లెక్కవేసి సర్వే ఆఫ్ ఇండియా చేత ఆపద రేఖ అని ఒకటి గీయించారు. కానీ 2019 ప్రకటన దాన్ని విపత్తు నిర్వహణ ప్రణాళికకే పరిమితం చేసింది, నిర్మాణం ఆపడానికి వాడరు. ఇది పెద్ద లోపమని నా అభిప్రాయం. అయినా నర్సమ్మగారి దరఖాస్తులో ఆపద రేఖ ఆ సర్వే నంబరుకు ఏ వైపున ఉందో అడగవచ్చు. కొనేవాళ్లకు అది తెలియాలి.

పునాది పనివాడు

నేను సైటు ఇంజనీరుగా కాకినాడలోనూ యానాంలోనూ పనిచేశాను. ఇక్కడ పైన కొంచెం ఇసుక, కింద చాలా లోతు దాకా మెత్తటి సముద్రపు బంకమట్టి. ఎత్తయిన భవనమంటే పైల్స్, అంటే లోతుగా దింపే పునాది స్తంభాలు, వేయాల్సిందే. బాగా చేస్తే భవనానికి ఏమీ కాదు. మన తీరానికి గాలి వేగం సెకనుకు 50 మీటర్లు తీసుకుని డిజైను చేయాలని ప్రమాణాలు చెబుతాయి. అంటే గంటకు 180 కిలోమీటర్లు. మంచి డిజైనరు ఆ లెక్క తప్పడు.

ప్రమాదం పక్కింటికి. సెల్లారు తవ్వితే గుంటలో ఊరే నీటిని రాత్రింబవళ్లు మోటార్లతో తోడతారు. చుట్టూ నేలలో నీరు దిగిపోతే బంకమట్టి కుంగుతుంది, తక్కువ లోతు పునాది మీద నిలబడిన పాత ఇళ్లకు గోడలు బీటలు ఇస్తాయి. అప్పుడు ‘ఈ బీట ముందే ఉంది’ అంటారు. కాబట్టి పని మొదలవక ముందే ప్రతి ఇంటి గోడలకూ తేదీ కనిపించేలా ఫొటోలు తీయించండి. వీలైతే బిల్డరు మనిషి ఎదుట తీసి, ఇద్దరి సంతకాలతో కాగితం రాయించండి. మంచి కంపెనీలు దీన్ని వాళ్లంతట వాళ్లే చేస్తాయి, వాళ్లకూ అదే రక్ష. ప్లానులో సెల్లారు ఉందా, స్తంభాల మధ్య నేల మట్టంలో బండ్లు నిలిపే స్టిల్టు పార్కింగేనా అనేది కనుక్కోండి. మీరున్న చోట సెల్లారు అవసరం లేదని నేను గట్టిగా నమ్ముతాను. వానకు నిండే మొదటి గుంట అదే.

మరొకటి, అగ్నిమాపక శాఖ. భవనం ఎత్తు పెరిగేకొద్దీ ముందున్న రోడ్డు వెడల్పూ చుట్టూ వదిలే ఖాళీ పెరగాలి. మీ రోడ్డు ప్లానులో చూపినంత వెడల్పు నిజంగా ఉందో లేదో టేపు పెట్టి కొలవండి. కాలువ గట్టునూ కరెంటు స్తంభాల వరసనూ రోడ్డులో కలిపి చూపించిన ప్లాన్లు నేను చూశాను.

కొత్త కొనుగోలుదారు

ఈ చర్చ చదివాక నిద్ర పట్టడం లేదు. ఆ పక్కనే, తీరపు రోడ్డు మీద ఇలాంటిదే మరో ప్రాజెక్టులో మా ఆవిడ పేరున ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చాం. ప్లాను అనుమతి చూపించారు, బ్యాంకు రుణం ఇస్తానంది. అనుమతి ఉన్నాక కూడా కొన్నవాడికి ప్రమాదం ఉంటుందా?

పటాలు చూసేవాడు

ఉంటుందండీ. కొచ్చి దగ్గర మరడులో జరిగింది అదే. 2006లో స్థానిక పంచాయతీ అనుమతులు ఇచ్చింది. తీర మండలి నిర్వహణ సంస్థ ఆమోదం లేదు. జనం కొన్నారు, కాపురాలు పెట్టారు. 2019 మే 8న సుప్రీంకోర్టు కూల్చేయమంది. 2020 జనవరి 11, 12 తేదీల్లో నాలుగు సముదాయాలను పేలుడు పదార్థాలతో పడగొట్టారు. ఫ్లాటు యజమానులకు తాత్కాలిక పరిహారంగా 25 లక్షల చొప్పున ఇమ్మని కోర్టు చెప్పింది. డబ్బు కొంత వచ్చినా పిల్లలు చదువుకున్న ఇల్లు తిరిగి రాదు.

మన కాకినాడలోనే దుమ్ములపేట దగ్గర మడ అడవుల నేలను ఇళ్ల స్థలాల కోసం చదును చేసిన వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అందుకని ముందు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) వెబ్‌సైటులో మీ ప్రాజెక్టు నమోదైందో లేదో చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలానికైనా, 8 ఫ్లాట్లు దాటిన భవనానికైనా నమోదు తప్పనిసరి, ఆమోదించిన ప్లాన్లు అక్కడే పెట్టాలి. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మీరు ఎంత ఇచ్చారో చూసుకోండి. సీఆర్‌జెడ్ అనుమతి ఉత్తర్వు నకలు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. అవసరం లేదని వాళ్లంటే, ఎందుకు అవసరం లేదో కూడా కాగితం మీద ఇమ్మనండి. నోటి మాట వద్దు.

నర్సమ్మ

అందరికీ కృతజ్ఞతలు. సర్వేయరు గారూ, మీరు అడిగినవి చూసి వచ్చాను. గేటు ఒకటే. అమ్మకాల కార్యాలయం ఒకటే. నమూనా బొమ్మలో రెండు బ్లాకుల మధ్య ఒకే ఈత కొలను, మురుగు శుద్ధి ప్లాంటు ఒక్కటే చూపించారు. సెల్లారు ఒకటి ఉంది. ఫొటోలు తీసుకున్నాను, పుస్తకం కూడా తెచ్చుకున్నాను. అది రెండు బ్లాకులకూ ఒకే పేరుతో ఉంది.

సమాచార హక్కు దరఖాస్తు మా వీధివాళ్ల సంతకాలతో పెట్టాలనుకున్నాను. అయితే చివరి ఇంటి బాలింత భర్త ఒక సంగతి చెప్పాడు. అతను ఆ సైటులోనే రోజుకూలీ. సంతకం పెడితే పనిలోకి రానివ్వరని భయం. అతని సంతకం అడగను. దరఖాస్తు నా ఒక్కదాని పేరునే వెళ్తుంది. నా పింఛను ఎవరూ ఆపలేరు. చదువుకున్న పిల్లలు ఇద్దరు రాసి పెట్టారు. పర్యావరణ అనుమతి, సీఆర్‌జెడ్ రకం, పోటు రేఖా ఆపద రేఖా చూపే పటం, వాన నీటి ప్లానులో అయిదు మట్టాలు, నీటి హామీ పత్రం, అగ్నిమాపక అనుమతి, ఫైలు పరిశీలన. అనుమతి ఇచ్చిన కార్యాలయానికి ఒకటి, తీర మండలి సంస్థకు ఒకటి. రేపు రిజిస్టరు పోస్టులో వెళ్తాయి.

కోడుగట్టు అన్నయ్యగారూ, గుమ్మాల మట్టాలు తీయడానికి మేస్త్రీ ఆదివారం వస్తానన్నాడు. ఎక్కడి నుంచి కొలవాలి? రోడ్డు నుంచి తీసుకుంటే రేపు రోడ్డే ఎత్తు పెంచేస్తారేమో.

కోడుగట్టు

చెల్లెమ్మా, రోడ్డు నుంచి తీసుకోవద్దు. మీరు అన్నట్టే జరుగుతుంది. కోడు మీద పాత కల్వర్టు ఉంటే దాని పిట్టగోడ మీద ఉలితో చిన్న గాటు పెట్టించండి. అక్కడి నుంచి మొదలుపెట్టి ప్రతి గుమ్మానికీ గాటు కంటే ఎన్ని సెంటీమీటర్లు పైనో కిందో రాసుకోండి. కల్వర్టు కూడా కొత్తది కట్టేస్తారన్న అనుమానం ఉంటే, బడి గోడ మీదా గుడి మెట్టు మీదా మరో రెండు గాట్లు పెట్టించి, మూడింటి మధ్య తేడా కూడా రాయించండి. ఒకటి పోయినా రెండు మిగులుతాయి. గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకోమని మేస్త్రీకి చెప్పండి, బుడగ ఉంటే లెక్క తప్పుతుంది. కోడు అడుగు మట్టం తీయాలంటే పాటు సమయం కావాలి. ఆదివారం పాటు ఎప్పుడో రేవులో పడవలవాళ్లను అడిగి ఆ గంటకు మేస్త్రీని రమ్మనండి. తూము గడప దగ్గర జారుతుంది, మీరు దిగవద్దు. నేను కరప నుంచి బస్సులో వస్తాను, ఆ ఒక్కటి నేను తీస్తాను.